ముందు సీటు

భుజం మీది గుర్తు గురించి కూతురు అడగడం ఇది మూడోసారి.

“బీరువా తలుపు తగిలిందన్నావు. తలుపు తగిలితే ఒకచోట కములుతుంది. ఇది భుజం మీంచి కిందికి పట్టీ వేసినట్టుందేమిటమ్మా?”

ఆపరేటరమ్మ అద్దంలో కూతురి మొహం చూసి చూపు తిప్పుకుంది. కూతురు మందుల దుకాణంలో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. ఏ దెబ్బకు ఏ పూత రాయాలో ఎంత తెలుసో, దెబ్బను చూసి అది ఎలా తగిలిందో పసిగట్టడమూ అంతే తెలుసు. అబద్ధం ఆడేముందే ఆ సంగతి గుర్తుకు రావలసింది.

“ఈ వయసులో ఒళ్ళు ఊరికే కములుతుందే,” అంది.

కూతురు వేలితో పూత తీసి చల్లగా రాసింది. రాయడం అయ్యాక సీసా మూత బిగిస్తూ మెల్లిగా అంది.

“నువ్వు ఎక్కడికి వెళ్తానన్నా నేను వద్దనలేదు. కానీ ఇంకొక్క దెబ్బతో ఇంటికొచ్చావంటే ఈ తిరుగుళ్ళన్నీ మానిపిస్తాను. తర్వాత చెప్పలేదనకు.”

అరిచి ఉంటే బాగుండేది. అరుపులకు ఆపరేటరమ్మ దగ్గర జవాబులుంటాయి. ఈ మెత్తటి మాటకు లేవు.

కూతురు దుకాణానికి వెళ్ళిపోయాక ఆవిడ మంచం అంచున చాలాసేపు కూర్చుండిపోయింది. మానిపిస్తాను అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

ఇల్లు ఆవిడదే. కూతురూ అల్లుడూ మనవరాలూ వచ్చి ఆవిడతో ఉంటున్నారు. అయినా నాలుగేళ్ళ కిందట భర్త పోయి, ఆ వెనకే ఉద్యోగం నుంచి రిటైరై, ఆ ఇంట్లోనే పరాయిదానిలా గోడల్ని చూస్తూ గడిపిన రోజులు ఆవిడ మర్చిపోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎవరి గొంతునో ఎవరి చెవికో కలిపిన మనిషి, చివరికి తనతో మాట్లాడేవాళ్ళు లేక మూగదైపోయింది. అప్పుడొచ్చి గేటు తట్టింది నర్సక్క. రెండు వీధుల అవతలి ఆసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ ముఖపరిచయం మాత్రమే. పరామర్శించలేదు, ఓదార్చలేదు. “మీ ఇంట్లో పాత చొక్కాలున్నాయా?” అని అడిగింది.

ఆ చొక్కాలతోనే మొదటి బొంత కుట్టింది ఆపరేటరమ్మ. భర్త ఆఫీసుకు వేసుకెళ్ళిన నీలిగీతల చొక్కా మీద రెండుసార్లు కత్తెర పెట్టి తీసేసింది కానీ, దాన్ని ఎర్రపూల కర్టెన్ ముక్క పక్కన పెట్టి కుట్టేసరికి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. ఆ తర్వాత కాలు ఇంట్లో నిలిస్తే ఒట్టు. మంగళవారం, శుక్రవారం నర్సక్క, కత్తెరమ్మ, పంతులమ్మలతో కలిసి బొంతల పని. నెలకు రెండుసార్లు షికారు. ఒకసారి పూలతోటలు, ఒకసారి ఆనకట్ట, ఇంకోసారి ఊరికే ఎక్కడో టీ బావుంటుందని ఎవరో అన్నారని నలభై మైళ్ళు. అందరినీ ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపేది నర్సక్క వ్యానే. ఆ వ్యాను లేకపోతే ఆ లోకమే లేదు.

ఆ వ్యానులోనే జరిగింది, పోయిన బుధవారం.

కొండ తోటలు చూసి దిగుతున్నారు. వెనక సీటులో పంతులమ్మ నిద్రపోతోంది, కత్తెరమ్మ గాలికి కళ్ళు మూసుకుంది. ముందు సీటులో ఆపరేటరమ్మ ఏదో అడిగితే నర్సక్క జవాబు చెప్పలేదు. వినబడలేదేమోనని మళ్ళీ అడిగింది. పలకలేదు. తిరిగి చూస్తే, నర్సక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు. పెదవులు మాత్రం దేన్నో చప్పరిస్తున్నట్టు కదులుతున్నాయి. చేతులు స్టీరింగు చక్రం మీదే ఉన్నాయి. లోపల మనిషి లేదు.

ఎదురుగా మలుపు. మలుపు తర్వాత లోయ.

ఆపరేటరమ్మ ఒక చేత్తో చక్రం పట్టుకుని తనవైపు లాగేసింది. బండి కొండవైపు మట్టిగట్టును గుద్దుకుని ఆగింది. సీటు పట్టీ భుజాన్ని కోసేసినంత పనిచేసింది. వెనకవాళ్ళు లేచి ఏమైంది ఏమైందని అడుగుతుంటే, నర్సక్క నిద్రలోంచి లేచినట్టు చుట్టూ చూసి, “కుక్క అడ్డొచ్చింది,” అంది.

కుక్క లేదు. ఆ సంగతి ఆపరేటరమ్మకు తెలుసు. తనకు తెలుసని నర్సక్కకూ తెలుసు.

*

శుక్రవారం కత్తెరమ్మ కుట్టు దుకాణానికి సెలవు. బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల మీద ఆ రోజు బొంత పరుస్తారు. కత్తెరమ్మకు ఆ పేరు చేతిలో ఉన్న దాన్నిబట్టి వచ్చిందో, నోట్లో ఉన్న దాన్నిబట్టి వచ్చిందో ఎవరూ తేల్చి చెప్పరు.

పక్క ఊళ్ళో చేతిపనుల ప్రదర్శనకు వీళ్ళ బొంతను పిలిచారు. ఆదివారం పదింటికల్లా అక్కడుండాలి. ఇరవై నాలుగు ఇళ్ళ నుంచి ఇరవై నాలుగు ముక్కలు అడిగి తెచ్చి కుట్టిన బొంత అది. డాక్టరు కోటు జేబు, బస్సు కండక్టరు ఖాకీ, ఎవరి పెళ్ళిదో పట్టుముక్క, చంటిపిల్ల గౌను. ఒక మూల ఆపరేటరమ్మ పదకొండేళ్ళ మనవరాలు కుట్టిన పసుపు ముక్క. దాని కుట్టు వంకరటింకరగా పోయింది. విప్పి మళ్ళీ కుడదామా అని పంతులమ్మ అడిగితే, ఆ ఒక్క ముక్కే నిద్రపోకుండా ఉంది, దాని జోలికెళ్ళద్దు అంది కత్తెరమ్మ.

ఆ రోజూ నవ్వులకు లోటు లేదు. పంతులమ్మకు ఒక చెవి సరిగ్గా వినబడదు, అందుకని అందరూ నవ్వి ముగించాక ఆవిడ మొదలుపెడుతుంది. దాంతో మళ్ళీ అందరూ నవ్వుతారు. ప్రదర్శనకు ఏం వేసుకోవాలి, ఎక్కడ తినాలి, వచ్చేటప్పుడు ఏటి ఒడ్డున ఆగుదామా. ఆపరేటరమ్మ కూడా నవ్వుతూనే ఉంది. కానీ చూపు మాత్రం ఎదురుగా కూర్చున్న నర్సక్క వేళ్ళ మీదే ఉంది.

సూది బట్టలోకి దిగింది, పైకి వచ్చింది. దిగింది, వచ్చింది. దిగింది.

రాలేదు.

ఆపరేటరమ్మ తల ఎత్తి నర్సక్క మొహం చూసింది. అవే కళ్ళు. అదే చప్పరింపు. పక్కన పంతులమ్మ ఏదో చెప్పుకుపోతోంది. కత్తెరమ్మ దారం కొరుకుతోంది. ఒకటి, రెండు, మూడు... ఎక్స్ఛేంజిలో లైను కలిసేదాకా లెక్కపెట్టే అలవాటు ఆవిడది. ఎనిమిది దగ్గర సూది పైకి వచ్చింది. నర్సక్క ఏమీ జరగనట్టు తర్వాతి కుట్టు వేసింది. అది మాత్రం పక్క ముక్కలోకి పడింది.

టీ గ్లాసులు కడిగే నెపంతో నర్సక్కను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. ఇప్పుడే మళ్ళీ జరిగిందని చెప్పింది. నర్సక్క గ్లాసు తోముతూనే, దారం చిక్కుపడితే ఆగానంది.

“దారం చిక్కుపడలేదక్కా. నేను చూశాను.”

“నువ్వు బుధవారం నుంచి నన్ను తప్ప ఇంకేమీ చూడట్లేదు.”

“చూడక? నలుగురం పోయేవాళ్ళం.”

నర్సక్క కుళాయి కట్టేసింది. ఆ తర్వాత తగ్గిన గొంతుతో చెప్పుకొచ్చింది. బుధవారం జరిగింది నిజమే. ఒక్కసారి. ముందురోజు కంటిమీద కునుకు లేదు, పొద్దున ఏమీ తినలేదు, అంతే. డాక్టరుకు చూపించుకోమంటే నవ్వింది.

“ముప్ఫై ఏళ్ళు వాళ్ళ పక్కనే నిలబడ్డాను. నోరు తెరవగానే ఏమంటారో నాకు తెలీదా? బండి ముట్టుకోకు అంటారు. మా ఇల్లు ఎక్కడుందో నీకు తెలుసు. ఇటుకబట్టీలు దాటాక బస్సు లేదు, మనిషి లేడు. బండి లేకపోతే నేను ఆ ఇంట్లో ఒక కుర్చీని. నువ్వు అలా ఉన్న రోజులు చూసినదాన్ని, నువ్వే నన్ను అక్కడికి పంపుతావా?”

ఆపరేటరమ్మ తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచింది.

“సోమవారం వెళ్తాను డాక్టరు దగ్గరికి. మాట ఇస్తున్నాను. ఆదివారం ఒక్కరోజు వదిలెయ్. ఎవరి మాటలూ బయటపెట్టని మనిషివని కదా నీకు చెప్పుకున్నాను.”

అది నిజమే. లైనులో విన్నవన్నీ విననట్టే ఉండటం ఆవిడ ఉద్యోగం. ఎన్ని ఏడుపులు, ఎన్ని బేరాలు, ఎన్ని దొంగ ప్రేమలు విన్నా ఇంటికి ఒక్కటీ మోసుకురాలేదు. ఆ గొప్పే ఇప్పుడు రాయిలా గుండెల మీద కూర్చుంది.

బయటికి వచ్చి, ఆదివారం బస్సులో వెళ్దామని అంది. కత్తెరమ్మ తలెత్తింది. ఇంత బొంతను మడతలు పడకుండా బస్సులో ఎవరి నెత్తిన పెట్టుకెళ్దామని అడిగింది. టాక్సీ పిలుద్దామంటే, ఇంట్లో వ్యాను పెట్టుకుని టాక్సీ ఏమిటంది. ఆపరేటరమ్మ ఇంకా ఏదో నసిగింది. నర్సక్క కొంచెం అలసటగా ఉందేమో అన్నట్టు. అప్పుడు కత్తెరమ్మ సూది గుచ్చి పక్కన పెట్టింది.

“ప్రదర్శన వాళ్ళు పంపిన పిలుపు చీటీలో నర్సక్క పేరు ముందు రాశారనేగా నీ బాధ?”

పంతులమ్మ కూడా ఆ మాట సరిగ్గా వింది. ఆపరేటరమ్మ నర్సక్క వైపు చూసింది. ఆవిడ ఒక్కమాట అంటే చాలు, ఇది తీరిపోతుంది. నర్సక్క తల దించుకుని కుడుతూనే ఉంది.

*

శనివారం సాయంత్రం కూతురు ఇంటికి రాగానే చెప్పెయ్యాలని ఆపరేటరమ్మ పొద్దుటి నుంచి మాటలు కూడబెట్టుకుంది. కూతురు చెప్పులు విప్పుతుండగా మొదలుపెట్టబోయింది. ఈలోగా ఫోను మోగింది. మనవరాలు పరుగెత్తి తీసింది. విని, రెండు చేతులతో ఫోనును గుండెకు హత్తుకుని గెంతింది.

నర్సక్క. ఆదివారం మనవరాలిని కూడా తీసుకెళ్తానంటోంది. తన ముక్క గోడ మీద వేలాడటం పిల్ల చూడొద్దా అంటోంది.

కూతురు సంతోషంగా సరేనంది. ఆపరేటరమ్మ గబుక్కున లేచింది.

“వద్దు,” అంది.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

“వద్దేమిటి? మొన్నటిదాకా తీసుకెళ్తాను తీసుకెళ్తానని నువ్వే కదా ఊరించావు?”

“దానికి అంతదూరం పడదు. వాంతులవుతాయి.”

“ఎప్పుడైనా అయ్యాయా?”

మనవరాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను వంకరగా కుట్టిందని అమ్మమ్మకు సిగ్గుగా ఉందా అని అడిగింది. ఆపరేటరమ్మ పిల్లను దగ్గరికి తీసుకోబోతే, విదిలించుకుని గదిలోకి పోయింది.

కూతురు ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఏమైందమ్మా? వాళ్ళతో గొడవ పడ్డావా?”

చెప్పవలసిన క్షణం అదే. మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ చెబితే ఏమవుతుందో ఆవిడ కళ్ళకు కట్టినట్టు కనిపించింది. వ్యాను ఆగిపోతుంది. కూతురు అన్నంత పనీ చేస్తుంది. మంగళవారాలు పోతాయి, శుక్రవారాలు పోతాయి. నర్సక్కను కాపాడుతున్నానని ఇన్ని రోజులూ అనుకుంది. కాదు, కాపాడుకుంటున్నది తన మంగళవారాలనూ శుక్రవారాలనూ. ఆ సంగతి తెలిసిన క్షణంలోనే ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“ఏమీ లేదు. వస్తే రానీ.”

తను ముందు సీటులో కూర్చుంటుంది. దారి పొడుగునా నర్సక్క మొహం మీంచి చూపు తియ్యదు. పిల్లను వెనక కూర్చోబెడుతుంది. లేదు, అసలు బయలుదేరకముందే నర్సక్కను పక్కకు పిలిచి తాళంచెవి అడిగేస్తుంది. అలా ఒకదాని తర్వాత ఒకటి అనుకుంటూ రాత్రంతా పక్క మీద దొర్లింది.

*

వ్యాను చెప్పిన వేళకన్నా అరగంట ముందే వచ్చింది. ఆపరేటరమ్మ ఇంకా జుట్టు ముడి వేసుకుంటోంది. హారను విని కిటికీలోంచి చూస్తే కత్తెరమ్మ, పంతులమ్మ అప్పటికే వెనక ఉన్నారు. వాళ్ళ ఒళ్ళో పాత దుప్పటిలో చుట్టిన బొంత చంటిపిల్లలా ఉంది.

ముడి సగంలో వదిలేసి బయటికి వచ్చింది. అప్పటికే మనవరాలు ముందు సీటు ఎక్కి కూర్చుంది. నర్సక్క పిల్లకు తనే పట్టీ పెట్టింది.

“నువ్వు వెనక్కి రా,” అంది ఆపరేటరమ్మ పిల్లతో.

“నర్సమ్మమ్మ ఇక్కడే కూర్చోమంది.”

కూతురు ఫోను పట్టుకుని గేటు దాటి వచ్చింది. ఫొటో తీస్తాను, అందరూ కనిపించాలి అంటూ వ్యానుకు ఎదురుగా పదిహేనడుగుల దూరంలో నిలబడింది. ఆ వీధి వాలుగా ఉంటుంది. కింద చివర్లో పెద్ద రోడ్డు. ఆదివారమైనా లారీలు పోతూనే ఉన్నాయి.

ఆపరేటరమ్మ నర్సక్క పక్క కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఇంజను నడుస్తోంది. ఇక పక్కకు పిలవడానికి లేదు. చెబితే అందరిముందూ చెప్పాలి. కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది.

“అక్కా, దిగు. నువ్వు నడపద్దు.”

వెనక కత్తెరమ్మ మళ్ళీ మొదలుపెట్టావా అంది. నర్సక్క మాత్రం జవాబు చెప్పలేదు. కోపం వచ్చిందనుకుంది ఆపరేటరమ్మ.

“నువ్వు తిట్టినా సరే. ఇవాళ నేను ఊరుకోను.”

నర్సక్క తిట్టలేదు. తిరిగి కూడా చూడలేదు. చెయ్యి అప్పుడే హ్యాండ్‌బ్రేకు దించి దాని మీదే ఉండిపోయింది. పెదవులు మెల్లిగా చప్పరిస్తున్నాయి.

వ్యాను కదిలింది.

చాలా మెల్లిగా, ఎవరో వెనకనుంచి వేలితో తోసినట్టు. కూతురు ఫోనులోంచి చూస్తూ, తనతో వేళాకోళం చేస్తున్నారనుకుని నవ్వుతూ ఒకడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు, ఇంకో అడుగు. బండి వేగం పుంజుకుంది. ఆపరేటరమ్మ కిటికీ పట్టుకుని పక్కనే నడిచింది, నడక పరుగైంది. చెయ్యి లోపలికి చాపింది. హ్యాండ్‌బ్రేకు అందలేదు.

“పక్కకు పో,” అని కూతురికి వినబడేలా అరిచింది. ఆ గొంతు విని కూతురి మొహంలో నవ్వు ఆగిపోయింది. కానీ కాలు కదల్లేదు.

“అమ్మలూ, నీ పక్కన ఆ పిడి పైకి లాగు. నర్సమ్మమ్మ చెయ్యి ఉందే, అదే. రెండు చేతులతో లాగు.”

ఎక్స్ఛేంజిలో ఎన్నో కంగారు గొంతులకు ధైర్యం చెప్పిన గొంతు అది. పిల్ల ఏమిటి ఎందుకు అని అడగలేదు. నర్సక్క చెయ్యిని తోసేసి, రెండు చేతులతో పిడి పట్టుకుని వెనక్కి వాలిపోయింది. బండి గుర్రుమని రెండడుగులు జారి, కుదుపుతో ఆగింది.

ముందరి బంపరుకీ కూతురికీ మధ్య జానెడు ఖాళీ ఉంది.

కింద రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఆపరేటరమ్మ చేతిని లోపలికి పెట్టి తాళంచెవి తిప్పి లాగేసింది. ఇంజను ఆగింది.

అప్పుడు నర్సక్క కళ్ళార్పింది.

“ఫొటో అయిందా?” అని అడిగింది.

వెనక కత్తెరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పంతులమ్మ బొంతను గట్టిగా పట్టుకుని ఉంది. నర్సక్క ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఎదురుగా తెల్లబోయిన మొహంతో నిలబడిన కూతురిని చూసింది. గేటు ఎంత వెనక ఉండిపోయిందో చూసింది. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

కూతురు చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసి, పిల్లను పట్టీ విప్పి దింపుకుంది. ఒళ్ళంతా తడిమి చూసింది. ఆ తర్వాత తల్లి వైపు తిరిగింది.

“నన్ను పక్కకు పొమ్మనే ముందే, ఆవిణ్ణి దిగమన్నావు. నేను విన్నాను. నీకు ముందే తెలుసా?”

“తనకేం తెలీదమ్మా,” అంది నర్సక్క చప్పున. “నేనెవరికీ చెప్పలేదు. తప్పంతా నాది.”

ఆ మాటను పట్టుకుంటే చాలు. నర్సక్క చేతికందించినట్టు ఇచ్చిన మాట. ఆపరేటరమ్మ ఊ అనకుండా ఊరుకున్నా సరిపోయేది. మనవరాలు అమ్మ నడుము పట్టుకుని ఆవిడ వైపే చూస్తోంది. పిడి లాగిన అరచేతులు ఎర్రగా కందిపోయాయి.

“తెలుసు,” అంది ఆపరేటరమ్మ. “బుధవారం నుంచి తెలుసు. నిన్న నువ్వు అడిగినప్పుడు కూడా చెప్పలేదు.”

కూతురు పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. ఒక్క క్షణం ఆగి, లోపలినుంచి గడియ పడింది.

తన ఇంటి తలుపే. బయటి నుంచి ఆ గడియ చప్పుడు వినడం ఆవిడకు అదే మొదటిసారి.

వెనక సీటులో ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా దిగారు. బొంత మూటను మధ్యలో పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియనట్టు రోడ్డు పక్కన నిలబడ్డారు. శుక్రవారం తను అన్న మాటను వెనక్కి తీసుకోవాలన్నట్టు కత్తెరమ్మ ఒకడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

ఆపరేటరమ్మ తాళంచెవిని పిడికిట్లో బిగించుకుని కిటికీ పక్కనే ఉండిపోయింది. నర్సక్క చక్రం మీద రెండు చేతులూ ఆన్చి, ఎదురుగా ఖాళీ వీధిని చూస్తోంది. ఇప్పుడు మనిషి ఉంది. పూర్తిగా ఉంది. అందుకే చూడలేకపోతోంది ఆపరేటరమ్మ.

“చెప్పు,” అంది నర్సక్క, వాళ్ళిద్దరికీ వినబడకుండా. “ఈసారి ఎంతసేపు?”

ఆపరేటరమ్మ వేళ్ళు లెక్క కోసం కదలబోయి ఆగిపోయాయి.

“ఒక్కసారే జరిగిందన్నావు, మళ్ళీ ఈసారి అంటున్నావేమిటక్కా?” అంది. “నేను చూసినవి కాక, ఇంకా ఎన్ని ఉన్నాయి?”

నర్సక్క చక్రం మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కొక్క వేలే ముడుస్తూ లెక్కపెట్టసాగింది.